మా ఓనరమ్మ కలిపిన సబ్బు

మా ఓనరమ్మ పోయిందని ఆమె కొడుకే ఫోన్ చేసి చెప్పాడు. నేను రామంతాపూర్‌లో మా వంటింట్లో చారుకి పోపు వేస్తున్నాను. "వదినా, అమ్మ పోయింది. రాత్రి మంచిగనే తిని పండుకున్నది, పొద్దుగాల లేవలే," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. స్టవ్ ఆపేసి అక్కడే నేల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. నిలదీయాల్సిన మనిషి లేకుండా పోయిందని తెలిశాక ఆ కోపం మరీ ఎక్కువైంది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచీ రాస్తాను, ఆమె దగ్గర దానికేం కొదవ లేదు. కానీ ఆమె నాకు చేసిన మోసం కూడా రాస్తాను. అది వదిలేస్తే నేను రాసేది ఇంకెవరి గురించో అవుతుంది.

నాచారంలో ఫ్యాక్టరీల వెనక గల్లీలో ఆమెది డాబా ఇల్లు. కింద రెండు గదుల్లో మేము అద్దెకుండేవాళ్ళం, మా ఆయన, నేను, మా అమ్మాయి. పైన ఆమె, ఆమె ఒక్కగానొక్క కొడుకు. మాది తెనాలి వైపు కాబట్టి మొదట్లో నేను ఆమెను పిన్నిగారూ అని పిలిచాను. ఆమె పకపకా నవ్వి, గారు గీరు నాకొద్దు, అత్తమ్మ అను చాలు అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు అత్తమ్మ, ఆమె కొడుక్కి నేను వదినను. వెనకాల మాత్రం గల్లీలో అందరిలాగే నేనూ ఓనరమ్మ అనే అనేదాన్ని.

సబ్బు సంగతి నా చేతులతో మొదలైంది. బట్టల పౌడరు పడక నా వేళ్ళ సందులు పగిలి రక్తం కారేవి. ఆరేసిన చీరలకు ఎర్రటి మరకలు అంటుకుంటుంటే ఒకనాడు ఆమె మేడ మీద నుంచి చూసి కిందికి దిగి వచ్చింది. చేతులు చూపించమంది. చూసి, "ఈ పౌడరు మురికి తింటదో లేదో గని నీ చేతుల్ని మాత్రం తింటున్నది పిల్లా," అంది. పైకి తీసుకెళ్ళి ఒక సబ్బుబిళ్ళ ఇచ్చింది. గోధుమ రంగులో, అంచులు వంకరగా, పాత బెల్లం ముక్కలా ఉంది. కొద్దిగా నువ్వుల నూనె వాసన. దానితో ఉతికిన నెలలోపే నా వేళ్ళు మామూలయ్యాయి. ఆ మేలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

పెళ్ళికి ముందు ఆమె నాచారంలోనే ఒక చిన్న సబ్బుల షెడ్డులో పనిచేసిందట. అది మూతపడ్డాక ఆ పని ఆమెతో పాటు మేడ మీదికి వచ్చింది. సబ్బు కలిపే రోజు ఆమెను చూస్తే కొత్తవాళ్ళు జడుసుకునేవారు. చనిపోయిన భర్త ఫుల్ చేతుల చొక్కా చీర మీద తొడుక్కునేది. ఆయన స్కూటర్ హెల్మెట్ నెత్తిన పెట్టుకుని అద్దం కిందికి దించేది. కాస్టిక్ సోడా నీళ్ళలో పడగానే బుస్సున పొగ లేస్తుంది, అది కళ్ళల్లో పడకుండా అన్నమాట. ఆ హెల్మెట్ లోపలి నుంచే కేకలేసి నాకు పని చెప్పేది. నాకు సగం వినపడేది కాదు. అర్థం కాలేదంటే అద్దం పైకెత్తి తిట్టి మళ్ళీ దించేది.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నవి ఇప్పటికీ చేతికి గుర్తున్నాయి. సోడానే నీళ్ళల్లో వేయాలి, నీళ్ళను సోడాలో పోయకూడదు, పోస్తే మొహం మీదికి ఎగుస్తుంది. ఒకసారి నేను తెలియక మా అల్యూమినియం డేక్సాలో సోడా నీళ్ళు పోస్తే అది కుతకుతా పొంగి గిన్నె నల్లగా మాడిపోయింది. మెతుకు కూడా ఉడకకుండానే గిన్నెను తినేసినవు అని గల్లీ అంతా చెప్పి నవ్వించింది. వేడి తగ్గిన నూనెలో సోడా నీళ్ళు సన్నగా పోస్తూ కర్రతో ఒకే వైపు తిప్పాలి. కర్ర పైకెత్తి గీత గీస్తే ఆ గీత మునగకుండా నిలిచిందంటే ట్రేలలో పోసేయొచ్చు. మర్నాడు నూలు దారంతో కోసి, మెట్ల గదిలో గోనె సంచుల మీద పరిచి వారాల తరబడి ఆరనివ్వాలి. నేను మధ్యలో ఒకటి తీసుకోబోతే చేతి మీద కొట్టేది. "తొందర పడితే సబ్బు గాదు, పుండైతది," అనేది.

ఆరిందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. ఒక కన్ను మూసుకుని సబ్బును నాలుక కొసకు తాకించేది. చురుక్కుమంటే సోడా ఇంకా మిగిలున్నట్టు, చప్పగా ఉంటే సబ్బు అయినట్టు. అలా గల్లీలో అందరి సబ్బునూ ముందు ఆమె నాలుక చూసింది. బాగా ఆరినవాటిని పాత చీర ముక్కలో చుట్టి ఇంటింటికీ పంపేది. డబ్బులు అడిగిన పాపాన పోలేదు. ఎవరో కరివేపాకు ఇచ్చేవారు, ఎవరో ఇడ్లీ పిండి ఇచ్చేవారు, కొందరు ఏమీ ఇచ్చేవారు కాదు. ఆమె పట్టించుకోలేదు.

నూనె ఎక్కడిదని నేను మొదట్లోనే అడిగాను. ఇంత నువ్వుల నూనె కొని సబ్బు చేస్తే ఎవరికి గిట్టుబాటవుతుంది? ఉప్పల్‌లో ఒక గానుగాయన ఉన్నాడని, అడుగున మిగిలే మడ్డి నూనె తనకు ఊరికే ఇస్తాడని చెప్పింది. నేను నమ్మాను. గట్టిపడటానికి అందులో కొంచెం పామాయిలు కలిపేది, అది మాత్రం కిరాణా కొట్టు నుంచి నేనే తెచ్చేదాన్ని. గానుగ నుంచి డబ్బాలతో తెచ్చానన్న నూనెను ఆమె పాత నూలు చీర నాలుగు మడతలు వేసి వడకట్టేది. వడకట్టే పని మాత్రం నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. పెద్దావిడ, పని పంచుకోవడంలో కూడా నా మీద దయ చూపిస్తోందనుకున్నాను.

తర్వాత మాకు చెడ్డకాలం వచ్చింది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర రోడ్డు తవ్వి ఉంచిన చోట మా ఆయన బండి జారి కాలు విరిగింది. రాడ్లు వేశారు. ఆయన మంచం మీద ఉండగానే పనిచేసే కంపెనీ షెడ్డు మూసేసింది. ఆ రోజుల్లో ఓనరమ్మ మాకు చేసింది నా సొంతవాళ్ళు చేయలేదు. దవాఖానాలో నా పక్కన కూర్చుంది. మా అమ్మాయికి జడ వేసి స్కూలుకు పంపింది. ఆయనను లేపి కూర్చోబెట్టాలంటే పైనుంచి కొడుకును పిలిచేది. మా ఇంట్లో పొయ్యి వెలగని పూట తన వంట కిందికి వచ్చేది.

ఊరి నుంచి మా బావగారు జాతకం చూపించి, ఏలినాటి శని పట్టిందని, శనివారం శనివారం నువ్వుల నూనె పోయమని ఫోన్ చేశారు. పోశాను. స్టీలు గిన్నెలో నూనె పోసి మంచం దగ్గరికి తీసుకెళితే, మా ఆయన వంగి అందులో తన మొహం చూసుకునేవాడు. ఆ పైన గిన్నెను ఆయన తల చుట్టూ తిప్పి దిగదీసేదాన్ని. నల్ల గుడ్డలో గుప్పెడు నల్ల నువ్వులు మూటగట్టి, ఆ గిన్నె పట్టుకుని గల్లీ చివర గుడికి నడిచేదాన్ని. నవగ్రహాల దగ్గర శని విగ్రహం మీద నూనె పోసి, మూట అక్కడ వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేదాన్ని. ఆయనను పట్టిందేదో ఆ నూనెతో పోయిందని, అక్కడే ఉండిపోయిందని, నాకదే ధైర్యం. వారమంతా బిగబట్టుకున్న ఏడుపు ఆ గిన్నె వంచినప్పుడే వచ్చేది.

ఓనరమ్మ శనివారాలు ఆ గుళ్ళోనే ఉండేది. నవగ్రహాల అరుగు తుడిచి కడగడం ఆమె సేవ. నేను ఏడుస్తుంటే వచ్చి నా వీపు నిమిరేది. "పొయ్యి బిడ్డా, నిదానంగ పొయ్యి, కింద పడనియ్యకు. అంతా పోతది," అనేది.

మా ఆయన నడిచాడు. ఏఎస్ రావు నగర్‌లో ఒక చిన్న యూనిట్‌లో ఉద్యోగం కూడా దొరికింది. ఆ కబురు నేను మొదట ఓనరమ్మకే చెప్పాను. గబగబా లోపలికి పోయి నా నోట్లో చారెడు చక్కెర పోసింది. నాకంటే ఆమే ఎక్కువ సంతోషపడిందని ఆ రోజు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను, అందుకే ఇది ఇంత కష్టంగా ఉంది.

ఆ తర్వాతి వారమే ఆయన ఉద్యోగానికి వేసుకెళ్ళే తెల్ల చొక్కా ఉతుకుతున్నాను. కాలరు మీద సబ్బు రుద్దుతుంటే ఏదో గరుకుగా తగిలింది. సబ్బులో నల్లటి చుక్క. గోటితో గీరి తీశాను. నల్ల నువ్వు గింజ. దాన్ని పట్టుకుని ఒక నల్ల గుడ్డ పీచు కూడా బయటికి వచ్చింది.

ఆ గుడ్డను నేనే చింపి మూట కట్టానో, ఇంకో ఇంటి ఇల్లాలు కట్టిందో నాకు తెలియదు. ఎవరు కట్టినా దాన్ని ఎక్కడ వదిలారో నాకు తెలుసు. చొక్కా బకెట్లో పడేసి తడి చేతులతోనే మేడెక్కాను. ఓనరమ్మ దారంతో సబ్బు కోస్తూ ఉంది. అరచెయ్యి ఆమె ముందు పెట్టాను.

"నువ్వు గింజ," అంది.

"గానుగలో నల్ల గుడ్డ కూడా ఆడిస్తారా అత్తమ్మా?" అన్నాను.

ఆమె దారం పక్కన పెట్టింది. బుకాయించలేదు, అది మాత్రం చెప్పాలి. విగ్రహం మీద పోసిన నూనె గుళ్ళో తొట్టిలోకి చేరి, నిండి, మోరీలోకి పోతుంటే చూడలేకపోయానని చెప్పింది. పూజారిని అడిగి డబ్బాలలో పట్టుకొచ్చేదట. ఏళ్ళ బట్టీ అంతేనట. గానుగాయన అనే మనిషే లేడు.

"నాకు చెప్పాల్సింది," అన్నాను.

"చెప్తే వాడుతుంటివా?"

"వాడేదాన్ని కాదు."

"గందుకే చెప్పలే."

నేను గుళ్ళోంచి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేదాన్ని. చూసుంటే డబ్బా పట్టుకుని నా వెనకే వస్తున్న ఓనరమ్మ కనిపించేది. నా మొగుడి తల చుట్టూ తిప్పి వదిలించుకున్నదాన్ని ఆమె పోగుచేసి, వడకట్టి, సోడా కలిపి, ఆరబెట్టి, పాత చీర ముక్కలో చుట్టి మళ్ళీ నా చేతికే ఇచ్చింది. నేను దాన్ని ఆయన చొక్కాలకు రుద్దాను. ఆయన దాన్ని ఒంటి మీద వేసుకుని తిరిగాడు. కింద పడనియ్యకు అని నా వీపు నిమిరింది నా కోసమనుకున్నాను, తొట్టి కోసమట.

ఈ మాటలన్నీ అనేశాను. ఆమె విన్నది. విని చాలా తాపీగా, "నూనెకేం ఎరుక పిల్లా ఎవని శని ఎవనిదో? సోడాల కలిస్తే అంతా సబ్బే. ఈ సబ్బుతోటి ఉతికిన అంగీ ఏసుకొని పొయ్యే గద నీ మొగుడు నౌకరి తెచ్చుకున్నది. మరి శని ఏడున్నడు?" అంది.

సబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ మాటే. ఆమె చెప్పింది నిజమైతే నా శనివారాలన్నీ ఉత్తవే. నా ఏడుపు, ఆ గిన్నె, ఆయన వంగి మొహం చూసుకోవడం, అన్నీ ఒట్టి నూనె పారబోయడమే. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది అదొక్కటే. దాన్ని ఆమె నవ్వుకుంటూనో జాలిపడుతూనో వారం వారం చూసింది, చూసి కూడా పొయ్యి బిడ్డా అంది. నన్ను చిన్నపిల్లను చేసి ఆడించినట్టనిపించింది. ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పలేదు. ఎంత కోపం ఉన్నా ఆమె మాటలో ఒక నిబ్బరం ఉంది. ఆమెకు ఏ శనీ లేదు, ఏ భయమూ లేదు. భయం లేని మనిషికి నా భయం అర్థం కాలేదులే అని సర్దిచెప్పుకున్నాను. ఆమెను పూర్తిగా అసహ్యించుకోకుండా ఉండటానికి నాకు దొరికిన సందు అదే.

మా ఆయనకు చెప్పలేదు. గల్లీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే సగం ఇళ్ళవాళ్ళు ఆమె గేటు ముందు నిలబడేవారు. అమ్మాయి కాలేజీకి దగ్గరని చెప్పి రామంతాపూర్‌కి మారిపోయాం. సామాను ఎక్కిస్తుంటే ఆమె గేటు దగ్గర నిలబడింది. సబ్బులు ఇవ్వలేదు, ఇస్తే తీసుకోనని ఆమెకు తెలుసు. కొత్త ఇంట్లో మళ్ళీ పౌడరు కొన్నాను, మళ్ళీ చేతులు పగిలాయి. బతుకమ్మకు ఫోన్ చేసేది. బాగున్నవా అనేది, బాగున్నానత్తమ్మా అనేదాన్ని. మా ఇద్దరిలో ఎవరమూ సబ్బు ఊసెత్తలేదు.

చనిపోయిన రోజు వెళ్ళాను, దినాల రోజు మళ్ళీ వెళ్ళాను. షేర్ ఆటో దిగి గల్లీలోకి నడుస్తుంటే అందరూ ఆమె చేతి మంచితనమే చెప్పుకుంటున్నారు. ఆమె సబ్బు వాడాక మా పిల్లల ఒంటి మీద పొక్కు లేదమ్మా అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. గుడి పూజారి కూడా వచ్చి తిని వెళ్ళాడు. నా వంక చూడలేదు, నేనూ ఆయనను పలకరించలేదు.

అందరూ వెళ్ళాక నేను మేడ మీదికి వెళ్ళాను. ఆమె కొడుకు గుండు మీద తువ్వాలు వేసుకుని, కుళాయి పక్కన బండ ముందు కూర్చుని తన బట్టలు ఉతుక్కుంటున్నాడు. ఆమె బతికుండగా ఎవర్నీ తన కొడుకు బట్టలు ముట్టనిచ్చేది కాదు, పనిమనిషిని కూడా. రాని పనిని పట్టుకుని అతను అంతా నీళ్ళ పాలు చేస్తున్నాడు. చేతిలో గోధుమ రంగు సబ్బు ఉంది. పక్కన గోడ మీద ఇంకో బిళ్ళ, తెల్లటిది. అలాంటిది నేనా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

"ఇదేంటయ్యా?" అని తెల్లది చేతిలోకి తీసుకున్నాను.

"గదే అడుగుదమనుకున్న వదినా. అమ్మ నా బట్టలకు తెల్లదే వాడుతుండె. లోపల బీరువా కింద దాస్తుండె. ఈ రంగుది నన్ను ముట్టనియ్యకపోతుండె, ఒకసారి పట్టుకుంటే చేతుల నుంచి గుంజుకున్నది. రెండిట్ల ఫరక్ ఏంది?"

తెల్లదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి కొబ్బరి నూనె వాసన. నువ్వుల వాసన లేశమైనా లేదు. కొబ్బరి నూనె కొనుక్కొచ్చి, విడిగా కలిపి, విడిగా ఆరబెట్టి, నేను రోజూ మేడెక్కే ఇంట్లో నాకు కూడా కనపడకుండా దాచింది.

అంటే ఆమెకూ భయమే. నాకు చెప్పిన నిబ్బరమంతా ఒట్టిదే. నా మొగుడి చొక్కాకు అంటని శని ఆమె కొడుకు చొక్కాకు అంటుతుందా? మొదటి మోసానికి నేను ఏడ్చాను గానీ, నా లోపల ఆమె కోసం ఒక చోటు మిగిల్చుకున్నాను. ఇది ఆ చోటును కూడా తీసేసింది. ఆ నిమిషంలో ఆమె నా ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. ఎదురుగా ఉన్నది ఆమె కొడుకు. నోరు తెరిస్తే చాలు, అంతా చెప్పేయొచ్చు. మీ అమ్మ ఊరందరికీ ఏం పంచిందో, నీకు మాత్రం ఏది దాచిందో విను అనొచ్చు. మాటలు నాలుక చివరి దాకా వచ్చాయి.

అతను నా జవాబు కోసం చూస్తున్నాడు. మోచేతుల దాకా గోధుమ రంగు సబ్బు నురగ. ఆ నురగతోనే కళ్ళ మీది చెమట తుడుచుకోబోయాడు.

"మొహానికి పూసుకోకు," అని అతని చెయ్యి పట్టుకుని ఆపాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. "తెల్లది నీ ఒంటికి పడుతుందని చేసింది మీ అమ్మ. నువ్వు అదే వాడు. అయిపోతే ఫోన్ చెయ్యి, నేను కలిపి ఇస్తాను."

"మరి ఇది?"

"ఇది నాకియ్యి."

గోధుమ రంగు సబ్బు అతని చేతిలోంచి తీసుకున్నాను. బకెట్లో చెంబు ముంచి, చేతులు చాపమన్నాను. గుండుతో, తువ్వాలుతో, ఎందుకని అడగకుండా రెండు చేతులూ చాపాడు. నేను నీళ్ళు పోశాను. నురగ అతని వేళ్ళ మధ్య నుంచి జారి బండ మీద పడి, మోరీ వైపు పోయింది. ఇంకోసారి రుద్దుకో అన్నాను, రుద్దుకున్నాడు. మళ్ళీ పోశాను. అతని చేతుల మీద ఒక్క బుడగ కూడా లేకుండా పోయే దాకా పోస్తూనే ఉన్నాను. నా చేతికి అంటిన నురగ అలాగే ఆరిపోయింది.